కలిసిపోయిన ఉక్కు ఎవరికి కావాలి?

నేను సిరిసిల్లలో ఇంటి నుంచే ఒక ఉక్కు ఫ్యాక్టరీకి పనిచేస్తాను. ఏ రకం ఉక్కు తర్వాత ఏ రకం పోయాలో లెక్కగట్టే ప్రోగ్రాం రాయడం నా పని. కరిగిన ఉక్కు ఒక రకం వెంట ఇంకో రకం అచ్చులోకి దిగుతుంటే, మధ్యలో కొంత రెండూ కలిసిపోతుంది. ఆ ముక్కను తుక్కు కింద జమకట్టి, అది అన్నిటికన్నా తక్కువ వచ్చే వరుసను నా ప్రోగ్రాం వెతికేది. గణితం ప్రకారం అంతకన్నా మంచి వరుస లేదు. అయినా ఫ్యాక్టరీలో రోజూ దాన్ని మార్చేసేవారు. ఎందుకో అంతుబట్టేది కాదు.

ఒకరోజు మా పెద్దబాపుకు, అంటే నాన్న వాళ్ల అన్నయ్యకు, టిఫిన్ ఇవ్వడానికి అద్దకం కార్ఖానాకు వెళ్లాను. ఆయన చాలా ఏళ్లుగా నూలుకు రంగులేస్తున్నాడు. తొట్టి వెనక గోడ మీద ఆ రోజు వరుస సుద్దముక్కతో రాసి ఉంది: లేత పసుపు, గులాబీ, ఎరుపు, నలుపు, సంచులు, మళ్లీ లేత పసుపు.

"సంచులేంది పెద్దబాపూ? గది రంగా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "రంగు గాదు బిడ్డా. నలుపేసినంక తొట్టి ఎంత కడిగినా జర మరక ఉంటది. గందుకే ముందుగాల సంచుల బట్టకు పోయే నూలేస్త. సంచులు కుట్టేటోళ్లకు ఏ రంగైనా నడుస్తది. మరకంత గా నూలే గుంజుకుంటది."

నేను నా తంటా చెప్పుకున్నాను. ఆయన చేతులు కడుక్కుంటూ విన్నాడు.

"మరి మీ ఉక్కుల గసొంటి సంచులోళ్లు లేరా?"

"ఎన్నడు అడగలే."

ఇంటికొచ్చీ రాగానే, ఫ్యాక్టరీలో పోత దగ్గరుండే ఆపరేటర్‌కు ఫోన్ చేసి, కలిసిన ఉక్కును తీసుకునేవాళ్లు ఎవరూ లేరా అని అడిగాను. అన్నాళ్లలో ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

"ఎందుకు లేరు మేడమ్? కంచె కడ్డీలు చేసేవాళ్లకు ఆ ముక్క చక్కగా సరిపోతుంది. మీ ప్రోగ్రాం దాన్ని తుక్కంటుంది. అందుకే మేమే వరుస మార్చుకుంటున్నాం."

సిగ్గేసింది. వెంటనే కుతూహలమూ కలిగింది. ఎవరెవరు ఎంతవరకు కలిసిన ఉక్కును తీసుకుంటారో ఆయన చెబుతుంటే గంటసేపు రాసుకున్నాను. అవన్నీ లెక్కలో చేర్చడానికి వారం పట్టింది.

కొత్త వరుస పంపిన రోజు, వాళ్లు ఒక్కచోటే మార్చారు. ఆ ఒక్కటి ఎందుకో అడుగుదామని మళ్లీ ఫోన్ తీశాను.