మించిపోలేదు మాస్టారు

ఎవరైనా పైలట్ అవుతామంటే చాలు, వద్దని నచ్చజెప్పందే ఆ కెప్టెన్‌కు అన్నం సహించదు. పాతికేళ్ళ పైచిలుకు పెద్ద పెద్ద విమానాలు నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు ఊరి చివర ఫ్లయింగ్ స్కూల్లో పిల్లలకు విమానం నడపడం నేర్పుతున్నాడు. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడితోనూ మొట్టమొదట అనే మాట మాత్రం ఒకటే: "ఇంకా మించిపోయింది లేదు. ఇంటికెళ్ళిపో." హోటలాయన గుమ్మంలో నిలబడి, ఇక్కడ తినకండి బాబూ అని చెప్పినట్టుంటుంది వ్యవహారం.

స్కూలు పిల్లలు ఆయనకు మించిపోలేదు మాస్టారని పేరు పెట్టారు. అది ఆయన చెవిన పడింది కూడా. ఆయనకేం పట్టలేదు. ఒళ్ళు మండేది ఆయన భార్యకే. ఆ మాట చెప్పడం ఆయన వంతు, చెప్పించుకున్నవాళ్ళ అమ్మానాన్నల చేత చీవాట్లు తినడం ఆవిడ వంతు. ఫోను మోగేది ఇంట్లో కదా!

కొత్త బ్యాచి చేరిన రోజున ఆయన క్లాసురూము తలుపు బార్లా తీసి, మూసుకుపోకుండా దానికో కుర్చీ అడ్డం పెట్టి మొదలుపెడతాడు.

"మీరు కంటినిండా నిద్రపోవడం నిన్నటితో సరి. ఇక అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఫొటోల్లో చూసుకోండి. మీ పిల్లలు మిమ్మల్ని చూసి, అమ్మా ఎవరో అంకుల్ వచ్చాడని లోపలికి పరిగెడతారు. డాక్టరు మీ గుండె మీద గొట్టం పెట్టి కనుబొమ్మలు ముడిచాడా, ఆ పూటే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాలి. తలుపు తీసే ఉంది. ఇంకా మించిపోయింది లేదు."

ఒకసారి ఓ కుర్రాడు ధైర్యం చేసి చెయ్యెత్తాడు. "మరి లాభాలేమీ ఉండవా సార్?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఎందుకుండవూ? టోపీ పెడతారు," అన్నాడు.

పక్కింట్లో ఇంకా పళ్ళు సరిగా రాని పాప ఒకతె ఉంది. ఓ రోజు కాగితంతో విమానం చేయించుకుని విసిరితే అది వచ్చి ఈయన ఒళ్ళో పడింది. ఈయన దాన్ని విప్పి, జాగ్రత్తగా పడవ చేసి ఇచ్చాడు. "పడవైతే నయం తల్లీ. మధ్యలో ఆపుకోవచ్చు," అన్నాడు. పాప ఏడుపు వీధి చివరికి వినిపించింది. ఆ తల్లి ఈవిడతో మాట్లాడటం మానేసింది.

విమానంలో చేసిన పని మరీ ఘోరం. ఆ మధ్య మొగుడూ పెళ్ళాలిద్దరూ ప్రయాణికులుగానే ఎక్కి చుట్టాలింటికి బయలుదేరారు. కూర్చున్నారో లేదో, కాక్‌పిట్‌లోంచి ఓ కుర్ర పైలట్ వచ్చి వినయంగా నిలబడ్డాడు.

"నమస్తే సార్. నేను మీ దగ్గరే నేర్చుకున్నాను."

కెప్టెన్ ఆ అబ్బాయిని ఎగాదిగా చూశాడు. కళ్ళ కింద నల్లటి చారలు కనబడ్డాయి.

"ఎన్నింటికి లేచావు?"

"రెండింటికి సార్."

ఇంజన్ల మోతకు ఆయన చెవులు ఏనాడో సగం పోయాయి. అందుకే మెల్లగా చెబుతున్నాననుకుని విమానమంతా వినబడేలా చెప్పాడు. "తలుపులింకా వెయ్యలేదు బాబూ. ఇంకా మించిపోయింది లేదు. దిగి ఇంటికెళ్ళిపో!"

వెనక వరసలో పెద్దాయన బెల్టు విప్పేసి లేచాడు. ఆయన పక్కావిడ పైనుంచి సంచీ లాగేసింది. "ఆయనెవరో తెలిసినాయన. ఊరికే చెబుతాడా?" అంది. వాళ్ళిద్దరినీ మళ్ళీ కూర్చోబెట్టేసరికి ఎయిర్ హోస్టెస్‌కు తలప్రాణం తోకకొచ్చింది. కెప్టెన్ భార్య దిగేదాకా మొహానికి పత్రిక అడ్డం పెట్టుకుని కూర్చుంది. తీరా చూస్తే అది తలకిందులుగా ఉంది.

నిజానికి ఆ ఉద్యోగం ఎంత పిండేస్తుందో ఆయన కంటే ఆవిడే బాగా చెప్పగలదు. పట్టపగలు కిటికీలకు నల్ల కర్టెన్లు వేసి, కుక్కరు కూత పెట్టబోతే పరిగెత్తి స్టవ్ కట్టేసి, సంసారమంతా గుసగుసల మీద నడిపింది. ఆ ఇంటి పిల్లలకు మొదట వచ్చిన వాక్యం "నాన్న పడుకున్నాడు." కాన్పు నాటికి ఆయన ఎక్కడో పొగమంచులో చిక్కుకుపోయాడు. పోనీ రిటైరయ్యాక అయినా సుఖపడదామంటే, ఆయనకు అలవాటు కొద్దీ చీకటుండగానే మెలకువ వచ్చేస్తుంది. వంటింట్లో గిన్నెలు కదుపుతాడు. ఆవిడ లేచి కూర్చుంటుంది. ఆవిడ అలసట ఒకనాటిది కాదు.

"అంత పాడు ఉద్యోగమైతే మీరెందుకు మానలేదండీ?" అని ఓసారి అడిగింది.

"నాకిలా చెప్పేవాడు దొరకలేదోయ్," అన్నాడాయన.

అలాగని ఇంటి మీదుగా విమానం వెళితే మాత్రం కాలు నిలవదు. పళ్ళు తోముకుంటున్నవాడు నోట్లో బ్రష్షుతోనే వీధిలోకి వెళ్ళి, అది చుక్కంతై మాయమయ్యేదాకా మెడ ఎత్తి చూస్తాడు. "మనవాడే. చెబితే విన్నాడు కాదు," అంటూ లోపలికి వస్తాడు. అప్పుడు ఆ మొహం చూడాలి. కొడుక్కి ఫస్టు ర్యాంకు వచ్చినవాడికి కూడా అంత వెలుగు ఉండదు.

వినని వాళ్ళ సంగతి సరే, విని వెళ్ళిపోయిన వాళ్ళతోనే ఆవిడకు చిక్కు. ఎవరో తండ్రి ఫోను చేస్తాడు. "మీ ఆయన మా పిల్లాడి మనసు విరిచేశాడమ్మా!" ఆవిడ బతిమాలుకుంటుంది. "నోరే అంతండీ, మనిషి మంచివాడు." ఈ మాట అనీ అనీ ఆవిడకే దాని మీద నమ్మకం సన్నగిల్లింది.

ఇంతలో కళ్ళ డాక్టరు గారబ్బాయి వ్యవహారం వచ్చిపడింది. ఆ డాక్టరు కుర్రతనంలో పైలట్ కావాలనుకుంటే కళ్ళజోడు అడ్డొచ్చిందట. కొడుకునైనా పైలట్‌ని చేసి తీరాలని పట్టుబట్టాడు. అబ్బాయి స్కూల్లో చేరిన వారానికే యూనిఫాంలో ఫొటో తీయించి, ఆస్పత్రిలో అక్షరాల బోర్డు పక్కనే తగిలించాడు. అక్షరాలు కనబడటం లేదన్న వాళ్ళకు కూడా దాన్ని చూపించి, "మావాడు. పైలట్," అంటాడు.

ఆ అబ్బాయి ఓ మధ్యాహ్నం ఇంటికి వచ్చి, ముందుగదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. కెప్టెన్ ఎదురుగా ఉన్నాడు. టీ తెస్తున్న ఆవిడ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"నిన్న పైన ఉండగా ఇక చాలు సార్ అన్నాను కదా. అదే నా మాట. నేల వదలగానే చేతులు బిగుసుకుపోతున్నాయి," అంటున్నాడు అబ్బాయి.

"తెలుసు. నీ వేళ్ళు ఊడదీసేసరికి నా గోరు విరిగింది."

"నేర్చుకునే కొద్దీ పోతుందేమోనని ఇన్నాళ్ళూ చూశాను సార్."

"నేనూ చూశాను. కొందరికి పోతుంది, కొందరికి పోదు. అందులో నీ తప్పేం లేదు."

"నాన్నకేం చెప్పను? భయపడి వచ్చేశానంటే ఆయన జీవితంలో నా మొహం చూడడు."

"నువ్వేం చెప్పకు. ఇందాక నేనే ఫోను చేశాను. మీవాడి మొహం నాకు నచ్చలేదు, పంపించేస్తున్నాను అన్నాను. పళ్ళు కొరుకుతూ బయలుదేరాడు, వచ్చేస్తూ ఉంటాడు."

"నా మొహమా సార్?"

"మొహానికేం, బాగానే ఉంది. ఆయన నన్ను తిడుతున్నంతసేపూ దాన్ని వేలాడేసుకుని కూర్చో, చాలు."

అబ్బాయికి టీ ఇచ్చి వచ్చి, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చిన మొగుడిని ఆవిడ నిలదీసింది.

"అయితే ఇన్నేళ్ళూ ఫోన్లో నన్ను దులిపేసిన వాళ్ళ పిల్లలంతా ఇలా భయపడ్డవాళ్ళేనా?"

"అంతా కాదు. కొందరు."

"ఆ భయపడ్డ పిల్లలకు మాత్రం చెబితే పోయేదిగా! కనబడ్డ ప్రతివాడికీ ఎందుకు చెప్పడం?"

"వాళ్ళకే చెబితే వాళ్ళు చేతకానివాళ్ళని లోకానికి తెలిసిపోదూ? అందరికీ చెబితే ముసలాడికి చాదస్తం అనుకుంటారు. ఇంటికెళ్ళి, నేను మానలేదు, ఆ దరిద్రుడే మాన్పించాడని చెప్పుకోవచ్చు."

"మరి పక్కింటి పాప?"

ఆయన తల గోక్కున్నాడు. "అది అలవాటైపోయిందోయ్."

"నాతో ఒక్క ముక్క చెప్పకూడదా?"

"చెబితే నువ్వు నన్ను వెనకేసుకొచ్చేటప్పుడు అంత సహజంగా వచ్చేది కాదు."

ఆవిడకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈలోగా బెల్లు మోగింది.

డాక్టరు గాలివానలా లోపలికి వచ్చాడు. "నా కొడుకు మొహానికేమయిందయ్యా?"

"నచ్చలేదండి."

"విమానం నడిపేది మొహంతోనా? నీకంటే మంచి స్కూలు చూసి, రేపే చేర్పిస్తాను!"

ఇన్నేళ్ళలో ఏ తండ్రీ ఈ మాట అనలేదు. అబ్బాయి మొహం పాలిపోయింది. వేళ్ళు టీ కప్పు చుట్టూ బిగుసుకుపోయాయి. అది ఆవిడ కంటపడింది. ఎప్పటిలాగే "మనిషి మంచివాడండీ" అంటుందని కెప్టెన్ ఆశగా చూశాడు.

"ఎక్కడ చేర్పించినా లాభం లేదండీ," అంది ఆవిడ. "స్కూళ్ళన్నింట్లోనూ ఈయన శిష్యులే. పగబట్టాడంటే ఫోన్లు చేసి మరీ అడ్డం పడతాడు. ఈ మనిషి సంగతి మీకేం తెలుసు! పురిటి నొప్పులు పడుతుంటే రాలేదు. పగటిపూట ఇంట్లో కుక్కరు కూయనివ్వలేదు. పసిపిల్ల కాగితం విమానం ఎగరేసుకుంటే ఓర్వలేకపోయాడు. నా నిద్ర, నా పండగలు, నా వయసు అన్నీ ఈయన ఉద్యోగానికే ధారపోశాను. ఇలాంటివాళ్ళ మధ్య మీ బంగారంలాంటి పిల్లాడెందుకండీ?"

మొదట్లో కావాలనే అంది కానీ, సగంలోకి వచ్చేసరికి ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. డాక్టరు తను వచ్చిన పని మరిచిపోయాడు. జేబులోంచి రుమాలు తీసి ఆవిడకిచ్చాడు.

"ఊరుకోండమ్మా, ఊరుకోండి," అన్నాడు. తర్వాత కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "పదరా నాన్నా. ఇలాంటివాడి దగ్గర ఇన్నాళ్ళు తట్టుకున్నావు, నువ్వు గట్టివాడివిరా." ఆ మాటకు అబ్బాయి నిటారుగా నిలబడ్డాడు. తండ్రి వెనకాలే గుమ్మం దాటుతూ ఒక్కసారి తిరిగి చూసి, తండ్రి చూడకుండా రెండు చేతులూ జోడించాడు.

ఆవిడ తలుపు వేసి వచ్చేసరికి కెప్టెన్ ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు.

"ఏం తిట్టావోయ్! నిజంగానే కోపం వచ్చినట్టు."

"నిజంగానే వచ్చింది."

"ఎప్పుడు?"

"పెళ్ళయిన ఏడాదే," అంది ఆవిడ. "కూర్చోండి. ఇంకా సగం కూడా కాలేదు."

టీ మళ్ళీ వెచ్చబెట్టి, ఆయన కప్పులో తనకంటే కాస్త ఎక్కువే పోసి, ఎదురుగా కుర్చీ లాక్కుని మొదటి నుంచి ఎత్తుకుంది. ఆయన కాస్త బాగా వినబడే చెవి ఆవిడ వైపు తిప్పి కూర్చున్నాడు.