గాట్ల చీటీ

యోసేపును నేను ‘గారూ’ అని పిలవడం మొదలుపెట్టింది ఆయన ఉద్యోగం పోయాకే.

ఏలూరులో ఒక డాక్టరుగారి దగ్గర ఆయన ఇరవై రెండేళ్లు కాంపౌండరు. మిషను ఆసుపత్రిలో పని నేర్చినవాడు. నేను అక్కడే గుమాస్తాను. బడి మధ్యలో మానినా, డాక్టరుగారి పాత మందుల పుస్తకం అడిగి తెచ్చుకుని బట్టీ పట్టాను.

1936 వేసవిలో డాక్టరుగారి మేనల్లుడు జనార్దనరావు సెలవులకు వచ్చాడు. విశాఖపట్నంలో వైద్యం చదువుతున్నాడు.

“మందుల పాఠమంటే మాకు జపమేనయ్యా. మూడొందల పేర్లు, మోతాదులు అప్పజెప్పాలి. రోగి ఇంట్లో ఆ మందు ఎలా తాగుతాడో ఒక్క మేష్టరూ చెప్పడు,” అన్నాడు.

ఆ మోతాదులు నేను గడగడా అప్పజెప్పాను.

“మా క్లాసులో ఉండాల్సినవాడివి!”

నేను పొంగిపోయాను. మూల స్టూలు మీద కూర్చుని యోసేపు కాగితం మడిచి కత్తెరతో గాట్లు పెడుతున్నాడు. ఆ చీటీ సీసాకు నిలువుగా అతికిస్తే గాటుకొక మోతాదు. చదువు రానివాళ్లు గాటు దాకా తాగి ఆపుతారు.

“ఏమయ్యా యోసేపూ, బొమ్మలు కత్తిరిస్తున్నావా?” అన్నాడు జనార్దనరావు.

“నాకొచ్చిన చదువిదేనండి బాబూ.”

అందరికంటె గట్టిగా నవ్వింది నేనే.

మరునాడు ఆదివారం. యోసేపు ప్రార్థనకు వెళ్లాడు. కొల్లేటి ఒడ్డునుంచి సూరమ్మ వచ్చింది. మొగుడు వీరాస్వామికి చలిజ్వరం. డాక్టరుగారు క్వినైను రాసి భోజనానికి లేచారు. యోసేపు వచ్చేదాకా ఆగకుండా మందు నేనే కలిపాను. గాట్లు పెట్టలేదు. ‘పూటకు ఒక ఔన్సు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి అతికించాను. సూరమ్మ సీసా అటూ ఇటూ తిప్పి చూసింది. ఏదో అడగబోయి, నా మొహం చూసి, సీసా కొంగున చుట్టుకుని వెళ్లిపోయింది.

మంగళవారం ఏడుస్తూ వచ్చింది. “గాట్లు లేవు గదండీ! అంతా ఒక్కసారికేననుకున్నామండి. తాగేశాడండి. చెవుల్లో హోరంటాడు, పిలిస్తే పలకడండి.”

వీరాస్వామి బతికాడు. చెవులు మాత్రం మళ్లీ వినిపించలేదు.

“గాట్లు పెట్టనిదెవడు?” అని డాక్టరుగారు అరిచారు. యోసేపు నా వంక చూశాడు. నేను బల్ల వంక చూశాను.

“ఆ పని నాదండి,” అన్నాడాయన.

ఆ సాయంత్రమే ఉద్యోగం పోయి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన పని నాకొచ్చింది.

ఏడాది తరువాత ఆయన ఉంటున్న పెదపాడు వెళ్లి, “డాక్టరుగారికి నిజం చెప్పేస్తాను యోసేపు గారూ,” అన్నాను.

“నేనడిగానా బాబూ? గాట్లు సమంగా వస్తున్నాయా?”

లేదన్నాను. కాగితం మడిచి, ఎక్కడ కత్తిరించాలో చూపించాడు.

ఇప్పుడు సమంగానే వస్తున్నాయి. ఆయన స్టూలు మీద కూర్చునే పెడుతున్నాను. డాక్టరుగారికి ఇంకా చెప్పలేదు.