నాలుగు మాత్రల లెక్క

ఆసుపత్రివాళ్ళు ఆమె కోటుకు పేరు చీటీ ఒకటి తగిలించారు గానీ దాన్ని చదివినవాళ్ళు లేరు. మూడో అంతస్తులో పెద్ద డాక్టరు దగ్గర్నుంచి మెట్లు తుడిచే మనిషి దాకా అందరికీ ఆమె లెక్కలమ్మే. పరిశోధన విభాగంలో ఆమె పని మాత్రలు లెక్కపెట్టడం. ఇదీ ఒక పనేనా అని మీకు అనిపించవచ్చు. ఆ మాట ఆమె ముందు మాత్రం అనకండి.

లెక్క ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు. వాళ్ళమ్మ బట్టల కర్మాగారం నుంచి గుండీలు ఇంటికి తెచ్చుకుని, నూటనలభై నాలుగు చొప్పున పొట్లాలు కట్టి పంపేది. ఏడేళ్ళ పిల్ల పక్కన కూర్చుని ఐదేసి చొప్పున వేళ్ళతో జరుపుతూ, "అమ్మా, దీంట్లో ఒకటి తక్కువ" అనేది. ఎప్పుడూ తప్పు పోలేదట. పెద్దయ్యాక నర్సు అయింది. ఆపరేషన్ గదిలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. పొట్ట కోసినప్పుడు లోపల రక్తం అద్దడానికి పెట్టిన గుడ్డ ముక్కలన్నీ మళ్ళీ బయటికి వచ్చాయో లేదో లెక్క చూడటం ఆమె వంతు. "సరిపోయింది" అని ఆమె నోట వచ్చేదాకా ఎంత పేరున్న సర్జనైనా సూది పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడాల్సిందే.

అంతటి మనిషి ఒకరోజు అదే గది బయట తడి నేల మీద జారిపడింది. మోకాలి లోపల లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేసి అతికారు గానీ, గంటల తరబడి నిలబడే ఉద్యోగానికి ఆ కాలు ఇక పనికిరాదని తేల్చారు. అలా కూర్చుని చేసే పనిలోకి, మూడో అంతస్తుకు వచ్చింది.

అక్కడ వెన్నునొప్పికి కొత్త మాత్ర ఒకదాన్ని పరీక్షిస్తున్నారు. నొప్పి తగ్గుతుందని ముందే తెలుసు. తెలియాల్సింది దాంతో ఒంటికి ఏమైనా చెరుపు ఉందా అన్నది. ఎనభై ఆరుగురు రోగులు. సగం మందికి అసలు మాత్రలు, సగం మందికి అచ్చం అలాగే పచ్చగా ఉండే ఉత్తుత్తి మాత్రలు. ఎవరి సీసాలో ఏముందో రోగికీ తెలియదు, లెక్కలమ్మకూ తెలియదు. సీసాకు అరవై మాత్రలు. రోజుకు రెండు చొప్పున నాలుగు వారాలు వేసుకుని, కొత్త సీసా కోసం పాత సీసా పట్టుకుని రావాలి. వచ్చినప్పుడు అందులో నాలుగు మిగలాలి.

నాలుగంటే నాలుగు. ఆమె సీసాను పళ్ళెంలో బోర్లించి, నాలుగూ కనబడగానే మొహం చాటంత చేసుకునేది. "శభాష్! చూశారా, ఈయన్ని చూసి నేర్చుకోండి" అని బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పేది. పన్నెండో ఇరవయ్యో మిగిలాయా, తిట్టేది కాదు పాపం. ఒక్క నిట్టూర్పు విడిచేది. ఆ నిట్టూర్పు కంటే తిట్లే నయమని రోగులు చెప్పుకునేవాళ్ళు. తర్వాత, "వాంతులు, తల తిరగడం, అలాంటివేమీ లేవు కదా?" అని అడుగుతూనే తన లెక్కల పుస్తకంలో 'లేవు' దగ్గర సగం గీత గీసేసేది. అవతలి మనిషి తల అడ్డంగా ఊపేసరికి గీత పూర్తయ్యేది. రెండేళ్ళలో లెక్కలు ఎంత చక్కగా కుదిరాయంటే, పెద్ద డాక్టరు ఆమె పుస్తకాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

ఇక ఆమె మోకాలి సంగతి. కింది అంతస్తులో ఫిజియోథెరపీ చదివిన అమ్మాయి ఒకతె, యాభై దాటినవాళ్ళకు ఆపరేషన్ తర్వాత కీలు ఎలా మానుతుందో పరిశోధన చేస్తోంది. కాలు ఇంకా సరిగ్గా వంగని లెక్కలమ్మ ఈ ఏడాదే ఆ పరిశోధనలో రోగిగా చేరింది. ఇంట్లో రోజుకు మూడుసార్లు, పడుకుని మడమను వెనక్కి లాగుతూ మోకాలు వంచాలి. చేసినప్పుడల్లా చార్టులో టిక్కు పెట్టాలి. మొదటి పది రోజులు చేసింది. ప్రాణం పోయేంత నొప్పి. పదకొండో రోజు నుంచి టిక్కులు మాత్రం మిగిలాయి. ఫిజియో దగ్గరికి వెళ్ళే పొద్దున వంటింటి బల్ల దగ్గర కూర్చుని నెల రోజుల టిక్కులూ ఒకేసారి పెట్టేది. అనుమానం రాకుండా రెండు రంగుల పెన్నులు కూడా వాడేది.

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. మాట తక్కువ. ఒకరోజు కాఫీ తాగుతూ ఈ తంతు చూశాడు.

"ముల్లు చేత్తో తిప్పితే గడియారం సరైన టైమే చూపిస్తుంది. ఓ గంట సేపు" అన్నాడు.

"మీరు నోరు మూసుకుని కాఫీ తాగండి" అంది ఆమె.

ఆ రోజు ఫిజియో అమ్మాయి మోకాలు వంగే కోణం కొలిచి దిగులుగా మొహం పెట్టింది. "తొంభై ఆరు దగ్గరే ఆగిపోయింది ఆంటీ. నూట ఇరవై దాటాలి. మీరు ఒక్కపూట కూడా మానలేదు. మీలాంటివాళ్ళకే ఫలితం లేదంటే, ఈ వయసులో ఈ వ్యాయామం దండగేమో" అంది. లెక్కలమ్మ తేలు కుట్టిన దొంగలా చెప్పులు వేసుకుంది.

వెన్నునొప్పి మాత్రల నివేదిక పంపడానికి ఇంకా మూడు వారాలుంది. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మెట్ల మలుపులో పెద్ద పూలకుండీ ఒకటి ఉండేది. అందులో మొక్క ఎన్ని నీళ్ళు పోసినా ఎండిపోతోందని, మెట్లు తుడిచే మనిషి దాన్ని పెరికి మట్టి మారుద్దామని కుండీ బోర్లించింది. ఆ తర్వాత పైకి పరుగెత్తుకొచ్చింది.

"లెక్కలమ్మా, మీరోసారి రావాలి. నాకేం అర్థం కావట్లేదు" అంది.

మట్టిలో పచ్చటి మాత్రలు. కొన్ని కరిగి ముద్దైపోయాయి, కొన్ని నిన్ననే వేసినంత శుభ్రంగా ఉన్నాయి. అవి ఏ మాత్రలో లెక్కలమ్మకు చూడగానే తెలిసింది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? వంగని కాలు చాచుకుని మెట్టు మీదే కూర్చుని, ఐదేసి చొప్పున జరుపుతూ లెక్కపెట్టింది. గట్టిగా ఉన్నవే రెండువందల పదిహేడు.

ఎలా జరిగిందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. వంటింటి బల్ల, రెండు రంగుల పెన్నులు కళ్ళ ముందు కదిలాయి. గురివింద గింజ సామెత తన కోసమే పుట్టిందనుకుంది. "ఎవరితోనూ అనకు" అని మెట్లు తుడిచే మనిషికి చెప్పి, కుండీలో కొత్త మొక్క పెట్టించింది. నిజం చెప్పాలంటే, ఆ రెండు రోజులూ ఆమె దాన్ని దాచిపెడదామనే అనుకుంది. చెబితే పోయేది తన పుస్తకం ఒక్కటే కాదు, ఏడేళ్ళ వయసు నుంచి మోసుకొచ్చిన పేరు.

మూడో రోజు బస్సు డ్రైవరు వచ్చే వంతు. రెండేళ్ళుగా ప్రతిసారీ నాలుగే మిగిల్చిన మనిషి. "చూసి నేర్చుకోండి" అని ఎక్కువసార్లు ఆమె వేలు చూపించింది అతన్నే. ఆమె పై మెట్ల మీద గోడ పక్కన నిలబడింది. డ్రైవరు మెల్లగా ఎక్కొచ్చి, కుండీ దగ్గర ఆగి, సీసా మూత తీసి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుని, మిగతావి మట్టిలో గుమ్మరించాడు.

"ఎన్ని ఉంచుకున్నావన్నా?" అంది ఆమె.

అతను ఉలిక్కిపడ్డాడు. చేతిలో సీసా ఉంది కాబట్టి బుకాయించడానికీ వీల్లేదు. "నాలుగే సిస్టర్" అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. ఒకరికి నడుము వంగదు, ఒకరికి మోకాలు వంగదు. కూర్చోవడానికే కాసేపు పట్టింది.

"ఎప్పటి నుంచి మానేశావు?"

"రెండో సీసా నుంచే. మలుపు తిప్పుతుంటే రోడ్డు కూడా నాతోపాటు తిరిగినట్టయింది. వెనక నలభై మంది ఉన్నారు. ఎలాగో పక్కకి ఆపి, ఇంజన్లో ఏదో చప్పుడొస్తోందని చెప్పి అందర్నీ దింపేశాను. ఆ తర్వాత మాత్ర ముట్టుకుంటే ఒట్టు."

"నడుము నొప్పో?"

"అది అలాగే ఉంది. దాంతోనే నడుపుతున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు? ప్రతిసారీ అడిగాను కదా."

"ఎలా చెప్పను సిస్టర్? మొదటిసారే అందరి ముందూ శభాష్ అన్నారు. మా ఇంట్లో కూడా నన్నెవరూ అంత మాట అనలేదు. మీ మొహం చిన్నబుచ్చుకుంటే చూడలేను" అన్నాడు. సీసా మూత బిగిస్తూ, "ఆ కుండీ నేను కనిపెట్టింది కాదులెండి. నేనొచ్చేసరికే అందులో మాత్రలున్నాయి" అన్నాడు.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మొహమాటానికి పోయి మనవాళ్ళు ఏమేం తెచ్చుకుంటారో సామెతలే చెబుతాయి. అయితే ఆ మొహమాటానికి నీళ్ళు పోసి పెంచింది తనేనని ఆమెకు అర్థమైంది. నలభై మంది బతికింది తన పుస్తకం వల్ల కాదు, ఈ మనిషి చెప్పిన రెండు అబద్ధాల వల్ల.

లెక్కల పుస్తకం తీసుకుని నేరుగా పెద్ద డాక్టరు గదికి వెళ్ళి, దాన్ని బల్ల మీద పెట్టి, "ఇది తప్పు సార్" అంది. అంతా చెప్పింది. తన నిట్టూర్పుల గురించీ, ముందే గీసిన గీతల గురించీ కూడా.

ఆయన మొహం కందగడ్డలా అయింది. "తల తిరగడం ఎనభై ఆరుగురిలో ఇద్దరికే అని రాశాను. మూడు వారాల్లో పంపాలి. ఇప్పుడా చెప్పడం?"

"పంపితే ఇంకో ఊళ్ళో ఇంకో డ్రైవరుకి ఇదే మాత్ర ఇస్తారు సార్. తల తిరగదని ధైర్యం చెప్పి మరీ ఇస్తారు. అతను మలుపులో బండి ఆపలేకపోతే?"

"మీ లెక్కే తప్పయితే ఇక నేను ఎవరి లెక్క నమ్మాలమ్మా?"

"పొట్ట కుట్టేశాక గుడ్డ ముక్క ఒకటి తక్కువని తెలిస్తే ఏం చేస్తాం సార్? మళ్ళీ కోస్తాం. ఎంత రాత్రయినా, ఎవరి పేరు పోయినా కోస్తాం. అంతే కదా."

ఆయన ఫోను అందుకున్నాడు.

నివేదిక ఆగింది. మాత్రలు లెక్కపెట్టే పని ఆమె దగ్గర్నుంచి తీసేసి ఇంకొకరికి ఇచ్చారు. ఆమె ఫైల్లో మందలింపు కాగితం ఒకటి చేరింది. పెద్ద డాక్టరు రెండు నెలలు ఆమెతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. అయితే రోగులందరినీ మళ్ళీ అడిగే పని మాత్రం ఆమెకే అప్పగించారు, వాళ్ళు చెబితే ఆమెకే చెబుతారని. ఆమె ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మొదటి మాటగా, "నేను నా మోకాలి చార్టులో ఏడు నెలలుగా దొంగ టిక్కులు పెడుతున్నాను. ఇప్పుడు మీ సంగతి చెప్పండి" అనేది. అవతల ముందు నవ్వు, ఆ తర్వాత నిజం. ముప్ఫై నలుగురు మాత్రలు ఎక్కడో ఒకచోట పారేసినవాళ్ళే. ఇరవై ఇద్దరికి తల తిరిగింది. ఎవరి సీసాలో ఏముందో విప్పి చూస్తే, ఆ ఇరవై ఇద్దరిలో పంతొమ్మిది మంది వేసుకున్నది అసలు మాత్రలే. మోతాదు సగానికి తగ్గించి, బండి నడిపేవాళ్ళు వాడకూడదని సీసా మీద రాసి, పరీక్ష మళ్ళీ మొదటి నుంచి పెట్టారు.

చిత్రమేమిటంటే, తన దొంగతనం ఎనభై ఆరుగురికి ఫోన్లో చెప్పిన మనిషి, కింది అంతస్తులో ఉన్న ఒక్క పిల్లకు చెప్పలేకపోయింది. ఫోనులో ఎదుటివాళ్ళ మొహం కనబడదు మరి. చివరికి ఒక పొద్దున వంటింటి బల్ల దగ్గర చార్టు ముందేసుకుని కూర్చుంది. భర్త పెన్ను అందించాడు. ఆమె తీసుకోలేదు.

ఖాళీ చార్టు చూసి ఫిజియో అమ్మాయి, "ఈ నెల కుదరలేదా ఆంటీ?" అంది.

"ఈ నెలే కాదు తల్లీ. మొదటి పది రోజులు తప్ప ఎప్పుడూ చేయలేదు. ఆ టిక్కులన్నీ అబద్ధం. వ్యాయామం దండగ కాదు, నేనే దండగ."

ఆ పిల్లకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పింది. యాభై దాటినవాళ్ళకు ఈ వ్యాయామం ఆపేయవచ్చన్న వాక్యం అప్పటికే అందులో ఉంది. లెక్కలమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఆ పిల్ల ఆ వాక్యం కొట్టేసి, కొత్త చార్టు తీసింది.

ఆ రోజు నుంచి వ్యాయామం పిల్ల ఎదురుగానే. వారానికి నాలుగు రోజులు, నొప్పికి పళ్ళు బిగించి, పిల్లను తిట్టుకుంటూ చేసింది. నెల తిరిగాక ఫిజియో అమ్మాయి మోకాలి పక్కన కోణమాని పెట్టి, వంగి చూసి, ఆమె చెమట పట్టిన మొహం వైపు చూసి మురిసిపోయింది.

"నూట నాలుగు ఆంటీ! నూట ఐదు రాసేస్తాను. ఒక్క డిగ్రీయే కదా, ఇంత కష్టపడ్డారు."

లెక్కలమ్మ ఆ పిల్ల చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"నూట నాలుగే రాయి తల్లీ" అంది.