బూస్టరు రాడ్డు మీది నట్టు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, దసరాకు ముందు వారం, చౌటుప్పల్‌లో హైవే పక్క కార్ల షెడ్డులో ఫోర్‌మన్‌గా ఉన్న నాకు ఒక పాత స్పోర్ట్స్ కారు పని వచ్చింది. రెండే సీట్లు, ఎర్ర రంగు, విదేశీ బండి. దాని యజమాని నల్లగొండలో పిల్లల డాక్టరు. బ్రేకు తొక్కితే రాయిని తొక్కినట్టుందని తెచ్చారు. ఇంజను ఆపి నాలుగైదు సార్లు తొక్కి, పెడల్ మీద కాలు ఉంచి స్టార్ట్ చేశాను. బూస్టరు బాగుంటే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగలేదు.

బూస్టరంటే పెడల్‌కూ, చక్రాలకు బ్రేకు నూనె తోసే మాస్టర్ సిలిండర్‌కూ నడుమ ఉండే గుండ్రటి రేకు డబ్బా. ఇంజను దాంట్లోని గాలిని పీల్చేస్తుంది, ఆ పీల్పు మన కాలికి బలం అవుతుంది. అది చెడితే బ్రేకు పడదని కాదు, మనిషి పడే కష్టానికి తగ్గట్టు పడదు.

కొత్త బూస్టరు పార్సిల్లో వచ్చింది. పెట్టె మీద టేపు రెండు వరసలు ఉంది. ఎవరో విప్పి మళ్లీ అంటించారని నాకు అప్పుడే అనుమానం. నా తత్వమే అంత. పాలపాకెట్ తెచ్చినా వెలుతురులో పట్టి చూస్తానని మా ఇంటావిడ ఎగతాళి చేసేది. చేతిపంపుతో గాలి లాగి అరగంట ఉంచాను. పంపు మీటరు ముల్లు కదలలేదు. వస్తువు మంచిదే.

అనుమానం అక్కడితో పోలేదు, నర్సింలు మీదికి మళ్లింది. మహబూబ్‌నగర్ నుంచి రెండు నెలల కింద వచ్చిన మెకానిక్కు. ఫోను వస్తే బయటికి పోయి మాట్లాడేవాడు, నేను దగ్గరికి పోతే మాట ఆపేవాడు. ఏదో దాస్తున్నాడనుకున్నాను. అసలు సంగతి చెప్పాలంటే, డాక్టరు గారు బండి గురించి నన్ను కాక అతన్ని అడగడం నాకు మింగుడుపడలేదు. అతని చెయ్యి నాకంటే మెరుగని నాకూ తెలుసు.

బూస్టరు బిగించడంలో నాలుగు నట్లు పెద్ద పని కాదు. ముందుకు పొడుచుకొచ్చే రాడ్డు పొడవే ముఖ్యం. దాని కొనకూ సిలిండర్ పిస్టన్‌కూ మధ్య గోరు మందం కూడా లేని సందు ఉండాలి. సందు ఎక్కువైతే పెడల్ లోతుకు పోతుంది. లేకపోతే కాలు తీసినా బ్రేకు పట్టుకునే ఉంటుంది. కొన తిప్పి పొడవు సరిచేశాక చిన్న నట్టుతో బిగిస్తాం. బిగించినవాడు తన రంగు పెయింటు చుక్క పెట్టాలన్నది నేను పెట్టిన నియమం. నాది పసుపుపచ్చ, నర్సింలుది తెలుపు.

దసరా సాయంత్రం రాడ్డు కొలిచి, కొన సరిచేసి, నట్టు వేలితో తిప్పి పెట్టాను. పానా కోసం చూస్తే లేదు. పానాలన్నీ కడిగి పూజలో పెట్టేశారు. ఆయుధ పూజలో పెట్టిన పనిముట్టు మరునాటి దాకా ఎవరూ ముట్టరు. సరే పొద్దున చూద్దామని లేచి పూజకు కూర్చున్నాను. ఫోర్‌మన్‌ను కాబట్టి పసుపు కుంకుమలు పెట్టే పని నాదే. జాకీలకు, కంప్రెషరుకు, బండ్లకు అన్నిటికీ పెట్టాను.

పొద్దున ఎర్ర కారు దగ్గర కూర్చున్నాను. నట్టు మీద పసుపుపచ్చ చుక్క కనబడింది. బిగించాననుకుని సిలిండర్ ఎక్కించేశాను. నర్సింలూ నేనూ కలిసి బ్రేకు పైపుల్లో గాలి తీశాం. నేను భోజనానికి పోయిన అరగంట అతను ఒక్కడే బండి దగ్గర ఉన్నాడు.

మధ్యాహ్నం డాక్టరు గారు నడుపుతుంటే పక్కన కూర్చుని కట్టంగూర్ వైపు పోయాను. ఊరు ఇంకా రాకముందే ఆయన కాలు తీసినా బండి దానంతటదే ఆగసాగింది. వెనక లారీ గట్టిగా హారన్ కొట్టి, అద్దానికి రాసుకునేంత దగ్గరగా తప్పించుకుపోయింది. ముందు చక్రాల నుంచి పొగ. బండిని రోడ్డు పక్కకు ఆపించాను. మరునాడు ఆయన తల్లిని అదే బండిలో ఆలంపూర్ జోగులాంబ దర్శనానికి తీసుకుపోవాల్సి ఉంది.

చక్రాలు చల్లారాక మాస్టర్ సిలిండర్ నట్లు రెండు మరలు వదులు చేశాను. చక్రాలు తేలిగ్గా తిరిగాయి. అంటే లోపం చక్రాల దగ్గర లేదు, రాడ్డు పొడవెక్కింది. నా గుర్తు నేను కళ్లారా చూసి మూసిన నట్టు అది. ఒంటరిగా ఉన్న అరగంటలో విప్పినవాడు ఇంకెవడు? రికవరీ వ్యానులో తిరిగి వస్తూ దారి పొడుగునా ఇదే లెక్క వేసుకున్నాను.

షెడ్డుకు వచ్చి అందరి ముందు నర్సింలును నిలదీశాను. పని నుంచి తీసేస్తానని కూడా అన్నాను. అతను చెయ్యి తుడుచుకుని మెల్లగా అన్నాడు:

"అందరి ముందట ఇప్పుడే విప్పుండ్రి సార్. మీ గుర్తు మీద నా పానా పడ్డదని తేలితే నేనే డబ్బా సర్దుకొని పోత."

విప్పాను. నట్టు వేలికే తిరిగింది. పసుపుపచ్చ చుక్క అలాగే ఉంది. దాన్ని అందరికీ చూపిద్దామని బొటనవేలితో తుడిచాను. వేలికి అంటుకుంది. పెయింటు ఎండితే అంటదు. వాసన చూశాను. పూజ పసుపు. ముందురోజు సాయంత్రం నా చేత్తోనే అన్నిటితోపాటు దానికీ పెట్టాను. నట్టును ఎవరూ విప్పలేదు, నేనే బిగించలేదు. బండి అదురుకు కొన తిరిగి రాడ్డు పొడవెక్కింది.

డాక్టరు గారి ముందే తప్పు నాదేనని ఒప్పుకున్నాను. నర్సింలు ఒక్క మాటే అన్నాడు:

"నన్ను అనే ముందు గా నట్టును జర వేలుతోని రుద్ది చూస్తే అయిపోతుండె గద సార్."

నట్టు అతనే బిగించి తెల్ల చుక్క పెట్టాడు. మరునాడు కారు ఆలంపూర్ పోయి క్షేమంగా వచ్చింది. నెల తిరగకముందే నర్సింలు మానేశాడు. ఆ ఫోన్లు మహబూబ్‌నగర్‌లో సొంత షెడ్డుకు జాగా కోసమని అప్పుడు తెలిసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడంటారు. నేను పక్కవాడి భుజాలు తడిమాను.

ఆ దసరా తర్వాత నా గుర్తు నీలం రంగుకు మార్చాను. చుక్క కనబడినా పానా వేసి చూడనిదే మూసే పని పెట్టుకోలేదు. ఇప్పుడు నా కారు నర్సింలు షెడ్డుకే పోతుంది. బ్రేకు పని చేసిన ప్రతిసారీ మూసే ముందు నన్ను పిలిచి, నట్టు మీది చుక్కను రుద్దమంటాడు. అందరూ చూస్తుండగా రుద్దుతాను.