సిస్టరమ్మకు వడ్డించిన స్పానిష్

స్పెయిన్ దేశంతో నాకు ఏ తగవూ లేదు. అయినా ఆ దేశపు మనిషినొకావిడను, కూరగరిటె ఒక్కటే ఆయుధంగా, మంచం మీంచి లేవకుండా చేశాను. ఆ ఘోరం ఇప్పుడు చెబుతాను. ఎంతైనా నవ్వుకోండి; అన్నం తింటూ మాత్రం చదవకండి.

డెబ్బైల చివరి మాట. నాకు పందొమ్మిదేళ్లు. చిన్నప్పుడు అస్తమానం జ్వరాలొస్తున్నాయని బడి మానిపించి, పంతులుగా పనిచేసే నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. ఆ భాగ్యానికి భగవంతుడికి ఈనాటికీ రెండు పూటలా దణ్ణం పెట్టుకుంటాను. పాతపుస్తకాల కొట్టులో ఆయనకు ఏది దొరికితే అదే నా సిలబస్సు. అలా ఓసారి స్పానిష్ వాచకం ఒకటి ఇంటికొచ్చింది. ముందు పేజీలూ వెనక పేజీలూ చెదలు ఆరగించగా మాకు ఒక్క పాఠం మిగిలింది. అన్నీ ఆజ్ఞలే. క్రియ రైలింజనులా ముందుంటే, "నాకు", "దాన్ని" అనేవి పెట్టెల్లా వెనక తగులుకుని ఒకే మాటగా పరిగెడతాయి. "దామెలో" అంటే "దాన్ని నాకియ్యి". "కోమెతెలో" అంటే "దాన్ని తినెయ్యి". తండ్రీ కూతుళ్లం మురిసిపోయాం. చెంబు కావాలన్నా దామెలో, చీపురు కావాలన్నా దామెలో.

"తండ్రీ కూతుళ్లకి గాలేటైనా సోకిందేటి?" అని అమ్మ తులసికోట దగ్గర ఇంకో దీపం అదనంగా పెట్టేది.

ఇంతలో నాతవరం వైపు ఓ పల్లెలోని చిన్న ఆసుపత్రికి స్పెయిన్ నుంచి క్రైస్తవ సన్యాసిని ఒకావిడ నర్సుగా వచ్చారు. అందరూ సిస్టరమ్మ అనేవారు. తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆవిడ మాట రోగులకూ, రోగుల మాట ఆవిడకూ చేరవేసే మనిషి కావాలని విని, నాన్నగారు వెళ్లి "మా అమ్మాయుందండి" అని చెప్పేశారు. గడప దాటి ఉద్యోగం! నాకు వారం రోజులు అన్నం సయించలేదు. నేను పనికొస్తానో లేదో చూసుకోవడానికి సిస్టరమ్మ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చారు.

మా ఇంటి శాస్త్రం ప్రకారం అతిథి చెప్పే మొదటి మూడు "వద్దు"లూ చెల్లవు. అవి మర్యాద వద్దులు. సిస్టరమ్మ శాస్త్రం వేరు. ఆకులో మెతుకు మిగిల్చితే పాపం. ఆవిడ కష్టపడి ఆకు ఖాళీ చేయడం, ఖాళీ ఆకు చూసి అమ్మ ప్రాణం ఉసూరుమనడం.

"నో, గ్రాసియాస్" అన్నారు సిస్టరమ్మ, ఆకుకి చెయ్యి అడ్డం పెట్టి.

"ఏటంతన్నారే?" అంది అమ్మ.

"చాలంటున్నారమ్మా."

"అలగే అంతారు. మొగమాటం. ఎయ్యి!"

పనసపొట్టు కూర మారు వేసి, పాండిత్యం చూపించే ముహూర్తం ఇదేననుకుని, "కోమెతెలో!" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడ్డారు. మర్యాదగా అడగడం చెదలు తిన్న పేజీల్లో ఉండిపోయింది కదా, నా దగ్గరున్నది హుకుం ఒక్కటే. పాపం, ఆవిడేమో ఆజ్ఞకు లోబడి బతుకుతానని దేవుడికి మాటిచ్చిన మనిషి. తిన్నారు. పులిహోరకూ అదే హుకుం, బొబ్బట్లకూ అదే హుకుం. నాలుగో బొబ్బట్టుకి ఆవిడ ముఖం ఆవకాయ రంగుకొచ్చింది.

"కితామెలో!" అన్నారు, దాదాపు ఏడుస్తూ.

ఆ మాట నా పాఠంలో ఉంది. "దీన్ని నా ముందునుంచి తీసెయ్యి" అని. అర్థం కాక చేశానంటే మీరు క్షమించేవారేమో. అక్షరం అక్షరం అర్థమయ్యే చేశాను.

"ఇప్పుడేటంతాది?" అంది అమ్మ, పరమాన్నం గిన్నెతో నిలబడి.

ఉన్నమాట చేరవేయడమే ఉద్యోగం. కానీ తెల్లారగట్లనుంచీ పొయ్యి ముందు కూర్చున్న కన్నతల్లితో, అతిథి "తీసెయ్యి" అన్నదని ఎలా చెప్పేది?

"చాలా బాగున్నాయంటున్నారమ్మా."

"సూసావా! నాను సెప్పనేదా!"

పరమాన్నం రెండు గరిటెలు, పైన నెయ్యి.

"అమ్మలూ, ఆవిడ నిజంగానే..." అని నాన్నగారు గొణిగారు.

"మీరూరుకోండి. వడ్డన సంగతి మీకేటి తెలుసు?" అంది అమ్మ.

"కోమెతెలో" అన్నాను నేను.

మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది, సిస్టరమ్మ లేవలేదని. నాన్నగారితో బస్సెక్కాను. "స్వామీ, నా ఉద్యోగం నీ ఇష్టం. ముందావిడను లేపు. లేపే తీరిక లేకపోతే, ఆవిడ దేవుడితోనైనా ఓ మాట చెప్పు" అని దారంతా వేడుకున్నాను.

సిస్టరమ్మ మంచం మీదున్నారు. వచ్చీరాని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు: "నేను తీసెయ్యమన్నాను. అమ్మకి ఏం చెప్పావు?"

"బాగున్నాయన్నారని" అని నిజం చెప్పేశాను.

ఆవిడ నవ్వబోయి పొట్ట పట్టుకున్నారు. "మాట చేరవేసే పనికి నువ్వు పనికిరావమ్మా."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే కంపౌండరు గ్లాసుతో నల్లటి మందు తెచ్చాడు. "పొద్దున్నించీ తాగనంతన్నారండి, సేదని."

సిస్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టారు. "నో, గ్రాసియాస్."

నా చెయ్యి మా అమ్మ పెంచిన చెయ్యి. ఆలోచించలేదు. గ్లాసు లాక్కుని, ఆవిడ పెదాలకానించి, "తోమతెలో!" అన్నాను. అంటే "తాగెయ్యి". గటగటా తాగేశారు. మూతి తుడుచుకుని అన్నారు:

"రేపట్నుంచి రా. మాటలకు కాదు. మందు వద్దనేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు."

ఏడేళ్లు చేశాను ఆ పని. "బేగి మింగీరా, తోమతెలోమ్మ వస్తంది!" అని తల్లులు పిల్లల్ని బెదిరించేవారు. దేవుడు నాకిచ్చిన బిరుదు అది, కళ్లకద్దుకున్నాను.

ఆ రోజు తిరుగు బస్సులోనే, కొంగు నడుముకు బిగించి, ముక్కోటి దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకపై అతిథి మొదటిసారి వద్దనగానే, కూరా, పులిహోరా, బొబ్బట్లూ మారు వడ్డించను. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. పరమాన్నం పేరు ఆ జాబితాలో లేదని మీరు గమనించే ఉంటారు. దేవతలు గమనించలేదు.