మిణుగురు ఎర్రచొక్కా వేసుకోని రోజు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరు ఏ వేషం కట్టాలన్నది వయసే తేల్చేసేది. పెద్దవాడు వీరుడు, చిన్నవాడు వీరుడి వెనకాల పరిగెత్తేవాడు. దీని మీద అప్పీలు లేదు. పెద్దవాడంటే మా బావ, మేనత్త కొడుకు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. మావయ్యది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కావడంతో చదువు పాడవుతుందని అత్తయ్య బావని చిన్నప్పుడే తెచ్చి పెడనలో మా ఇంట్లో దింపింది. నాకు ఊహ తెలిసేసరికే బావ ఉన్నాడు. గోడలూ, తలుపులూ, నాయనమ్మా ఉన్నట్టే ఉన్నాడు. అందుకని బావ ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోయే మనిషన్న ఆలోచన నాకు పదకొండేళ్ళు వచ్చేదాకా తట్టనే లేదు. (ఇప్పుడు నలభైకి రెండేళ్ళు తక్కువ. కొత్త సంగతులు ఇప్పటికీ నాకు ఆలస్యంగానే తడతాయి.)

మా ఇద్దరి లోకానికీ రాజు ఉరుముల వీరుడు. ఆదివారం పొద్దున్న కేబుల్లో వచ్చే బొమ్మల సీరియల్ అది. ఎక్కడో పైదేశంలో గీసి, తెలుగు గొంతులు అతికించి మా మీదికి వదిలేవారు. వీరుడు వీపున నీలం గుడ్డ ఎగరేసుకుంటూ దుష్టుల్ని చావబాదుతుంటే, పక్కన పసుపుపచ్చ చొక్కా వేసుకుని, చేతిలో బుల్లి లాంతరుతో ఓ శిష్యుడు ఉండేవాడు. పేరు మిణుగురు. మిణుగురుకి పనులు రెండే. ఒకటి దారి చూపించడం, రెండోది "గురువుగారూ, వెనక!" అని అరవడం. గురువుగారు వెనక్కి తిరిగి ఒక్క గుద్దు గుద్దేవారు, ఆ వారానికి సరి. మా పెరట్లో నీలం తువ్వాలు బావది, అగరొత్తుల డబ్బా లాంతరు నాది. రోజుకి ఓ నలభైసార్లు "వెనక!" అని అరిచేవాణ్ణి. "వీడి గొంతు తగలడా, నిజంగా దొంగొచ్చినా ఎవరం లేవం" అనేది నాయనమ్మ.

తర్వాత ఆ సీరియల్ ఆగిపోయి, అదే పేరుతో ఇంకోటి మొదలైంది. అందులో మిణుగురు పొడుగయ్యాడు. అంతకు ముందు చుక్కగా ఉన్న ముక్కు కాస్తా నిజం ముక్కయింది. నవ్వడం మానేశాడు. ప్రతిదానికీ గురువుగారితో వాదన. పాత మిణుగురుకి ఎవరో పెద్దావిడ గొంతు ఇచ్చింది, దెబ్బ తగిలి "అబ్బా" అంటే వంటింట్లో చెయ్యి కాలినట్టుండేది. కొత్తవాడికి బండ మగగొంతు పెట్టారు. అదే గొంతు ప్రకటనల్లో సిమెంటు గట్టితనం గురించి చెప్పేది. నేను టీవీ ముందు బోరుమన్నాను.

"వీడు మిణుగురు కాదు బావా!"

"మిణుగురేరా. పెద్దాడయ్యాడంతే."

"పెద్దాడైతే ముక్కు మారిపోద్దా?"

"మారుద్ది. నీదీ మారుద్ది చూడు" అని నా ముక్కు పట్టుకుని గుంజాడు. ఓ వారం రోజులు అద్దం దగ్గర నుంచి నేను కదల్లేదు.

బావ పదోతరగతిలో, నేను ఆరులో ఉండగా ఉరుముల వీరుడు సినిమాగా వచ్చాడు, అదీ మనుషులతో తీసింది. గుడివాడలో ఆడుతోందని తెలిసి బావ మా నాన్నని నాలుగు రోజులు బతిమాలి నన్ను రైలెక్కించాడు. ఆ సినిమాలో మిణుగురు మొదటి సగం పచ్చచొక్కాలోనే ఉన్నాడు. నేను కుర్చీలో నిలబడి అరిచిన "వెనక"లకి ముందు వరసవాళ్ళు నిజంగానే వెనక్కి తిరిగారు. కానీ చివర్లో గురువుగారు వాడికి ఎర్రచొక్కా తొడిగి, "ఇక ఈ ఊరు నీది మిణుగురూ" అని చెప్పి మబ్బుల్లోకి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. వాడు మేడ మీద ఒక్కడే నిలబడి ఉండగా లైట్లు వేసేశారు. హాలంతా ఈలలు. తిరుగు రైలు గుడ్లవల్లేరు దాటుతుండగా బావ కిటికీలోంచి చూస్తూ మామూలుగా చెప్పాడు. "జూన్‌లో నన్ను గుడివాడ హాస్టల్లో వేస్తారంటరా. ఇంటర్ అక్కడే. మా నాన్న వచ్చి సీటుకి డబ్బు కట్టేశాడు." నేను పల్లీల పొట్లం మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను.

ఆ ఏడే బందరులో మేమిద్దరం చదివే స్కూలు వార్షికోత్సవానికి డ్రాయింగు మాస్టారు నాటకం వేయిస్తానన్నారు. ఆయనకి పద్యనాటకాల మీద మోజు. కానీ పిల్లలంతా ఉరుముల వీరుడే కావాలని గొడవ చేయడంతో, "సరే ఏడవండి, కథ చెప్పండి" అన్నారు. బావ సినిమా కథ చెప్పాడు. మాస్టారికి ఆ ముగింపు తెగ నచ్చేసింది. "గురువు శిష్యుడికి రాజ్యం అప్పగించి వెళ్ళడం! అబ్బ, ఎంత ఉదాత్తంగా ఉందిరా!" అని కళ్ళు మూసుకున్నారు. బావ వీరుడు, నేను మిణుగురు, తొమ్మిదోతరగతిలో అప్పటికే మీసాలు వచ్చేసిన ఒకడు దుష్టుడు. మిణుగురు మొదటి నుంచీ ఎర్రచొక్కాలోనే ఉండాలన్నారు మాస్టారు. తెర వెనక చొక్కాలు మార్చుకోవడానికి మా బడిలో తెర వెనక అంటూ లేదు మరి. ఆ మాట వినగానే నా పదకొండేళ్ళ బుర్రలో ఒక లెక్క కుదిరిపోయింది. మిణుగురు పచ్చచొక్కాలో ఉన్నంతకాలం గురువుగారు ఎక్కడికీ వెళ్ళలేదు. ఎర్రచొక్కా తొడిగితేనే వెళ్ళారు. కాబట్టి నేను ఎర్రచొక్కా వేసుకోకూడదు.

ఇక్కడ మా ఇంటి పని గురించి కాస్త చెప్పాలి. నాన్నది కలంకారీ అద్దకం. మా షెడ్డులో గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో నానబెట్టేవారు. ఎర్రగా రావాల్సినదాన్ని పటిక నీళ్ళలో తడిపి ఆరబెట్టేవారు. అప్పటికి అది లేత పసుపుపచ్చగానే ఉంటుంది. రంగు వేర్లు వేసిన రాగి కాగులో ఉడికించాకే ఎర్రబడుతుంది. చూస్తూండగానే కాగులో గుడ్డ మారిపోవడం నాకు ఇప్పటికీ వింతే. ఇంకొకటి, ఈ కరక్కాయ గుడ్డకి తడి మీద ఇనుము తగిలితే నల్లటి మచ్చ పడిపోతుంది, చచ్చినా పోదు. అందుకే షెడ్డులోకి తుప్పు మేకు కూడా రానిచ్చేవారు కాదు. ఈ ముక్క మా ఇళ్ళల్లో పిల్లలకి అఆల కన్నా ముందు నేర్పుతారు.

నా చొక్కాకి నాన్న గుడ్డ సిద్ధం చేశారు. దర్జీ పెళ్ళికి ఊరెళ్తున్నానంటే ఉడికించకుండానే ముందు కుట్టించేశారు. "రేపు పొద్దున్న కాగు పెడతాం. నీ చొక్కా నువ్వే తెచ్చి అందులో వెయ్యి. పనివాళ్ళ మీద వదిలెయ్యకు" అన్నారు. మర్నాడు, అంటే నాటకం రోజు పొద్దున్న నేను ఆ చొక్కాని తీసుకెళ్ళి, కాగు దగ్గర కాదు, వేర్ల గంప కింద పెట్టాను. పెట్టి, స్నానానికి వెళ్ళిపోయాను. నాన్న సరుకు వేసుకుని బందరు బయల్దేరారు. సాయంత్రం స్కూలుకి పచ్చచొక్కా పట్టుకెళ్ళాను. బావ అడిగితే, "నాన్న మర్చిపోయారు బావా" అన్నాను. అన్నం పెట్టే తండ్రి మీదికి నేరం తోసేయడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. బావ నా మొహం వంక కాసేపు చూసి, "సర్లే, వేసుకో" అన్నాడు. డ్రాయింగు మాస్టారు మాత్రం నెత్తి కొట్టుకున్నారు.

నాటకం సాయంత్రం ఐదింటికి. దుమ్ము లేవకుండా గ్రౌండంతా నీళ్ళు చల్లారు, ఆ నీళ్ళు కుర్చీల మీదా పడ్డాయి. వేషగాళ్ళమంతా స్టేజీ పక్కన వరసగా ఇనప మడతకుర్చీల్లో కూర్చున్నాం. రంగు పోయి తుప్పు తేలిన కుర్చీలు. ముఖ్య అతిథిగారు క్రమశిక్షణ గురించి మొదలుపెట్టి, తమ బాల్యం మీదుగా దేశ భవిష్యత్తు దాకా వెళ్ళి, దారి తప్పి మళ్ళీ బాల్యానికి వచ్చారు. నేను కదలకుండా కూర్చున్నాను. క్రమశిక్షణ గురించి చెబుతున్నప్పుడు కదిలితే బాగుండదు కదా. అద్దకందారు కొడుకుని, కరక్కాయ చొక్కా వేసుకుని, తడి ఇనప కుర్చీకి వీపు ఆనించి ముప్పావుగంట కూర్చున్నాను. ఆ చొక్కాని ఉడకకుండా కాపాడుకున్న ఆనందంలో మిగతా చదువంతా మర్చిపోయాను.

స్టేజీ ఎక్కాం. దుష్టుడు మీసాలతో నవ్వాడు. బావ నీలం గుడ్డ ఎగరేశాడు. నేను దారి చూపించాను, అంతా సవ్యంగానే ఉంది. తర్వాత దుష్టుడు బావ వెనక్కి చేరగానే నేను జనం వైపు వీపు తిప్పి, గొంతు చించుకుని అరిచాను. "గురువుగారూ, వెనక!"

ఆపైన మొత్తం గ్రౌండు విరగబడి నవ్వింది. నా వీపు నుంచి కింది దాకా కుర్చీ పట్టీలన్నీ నల్లగా అచ్చు పడ్డాయి, వరసగా, దూరాలు కూడా సమానంగా. (మా నాన్న చేతి అచ్చు కూడా అంత శుభ్రంగా పడేది కాదేమో.) "వెనక! మిణుగురూ, నీ వెనక!" అని అరుస్తున్నారు జనం. నాకు అర్థం కాక మళ్ళీ "వెనక!" అన్నాను. ఇంకా నవ్వారు. దుష్టుడు కత్తి పారేసి కూర్చుని మరీ నవ్వాడు. చివరికి చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుని, వేళ్ళు చూసుకుని, నాకు విషయం తెలిసింది. అంతే, స్టేజీ మధ్యలో నిలబడి ఏడుపు మొదలుపెట్టాను. మామూలు ఏడుపు కాదు, ఎక్కిళ్ళతో.

పక్క నుంచి మాస్టారు "ముగింపు! ముగింపు చెప్పరా!" అని బావని తొందరపెడుతున్నారు. ఇక ఈ ఊరు నీది, అని బావ వెళ్ళిపోవాలి. బావ నా దగ్గరికి వచ్చాడు. ఆ మాట అంటాడని చెవులు మూసుకున్నాను. బావ ఏమీ అనలేదు. తన మెడలోంచి నీలం గుడ్డ విప్పి నా వీపు మీదుగా కిందిదాకా చుట్టి, ముందు ముడి వేశాడు. నా చెయ్యి పట్టుకుని ఇద్దరం కలిసే మెట్లు దిగిపోయాం. ఏ సీరియల్లోనూ, ఏ సినిమాలోనూ ఇలా జరగలేదు. దుష్టుడు ఒక్కడే స్టేజీ మీద మిగిలాడు. ఏం చేయాలో తెలియక నమస్కారం పెట్టాడు పాపం, చప్పట్లు కొట్టారు.

నాన్న గుంపులోంచి వచ్చి చొక్కా అంచు వేళ్ళతో నలిపి చూశారు. ఉడకలేదని ఆయనకి ముట్టుకుంటే చాలు. తిడతారనుకున్నాను. ఆయన బాధ వేరే. "ఉడకెయ్యకపోతే పోయావు. అద్దకం వేసేవాడి కొడుకువై ఉండి, కరక్కాయ గుడ్డతో ఇనప కుర్చీలో కూర్చుంటావట్రా? ఎవరన్నా వింటే నవ్వరూ?" అన్నారు. అప్పటికే నాలుగొందలమంది నవ్విన సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. పెడన అద్దకందార్లలో ఎవరు నవ్వుతారన్నదే ఆయన దిగులు.

ఇంత చేసినా జూన్ రానే వచ్చింది, బావ గుడివాడ వెళ్ళిపోయాడు. ట్రంకు పెట్టె రిక్షాలో పెడుతుంటే నేను పెరట్లో దాక్కున్నాను. "ఒరేయ్, వెళ్తున్నానురా" అని మూడుసార్లు పిలిచాడు, పలకలేదు. చాలా ఏళ్ళు నాకు ఆ పిలుపు గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేసేది. అంతకు మించి ఒక పొగరు కూడా ఉండేది. బావని ఆపడానికి ఈ లోకంలో పోరాడింది నేనొక్కణ్ణే, బావ మాత్రం హాయిగా వెళ్ళిపోయాడు అని. ఈ కథని నాలో నేను చాలాసార్లు చెప్పుకున్నాను, చెప్పుకున్నప్పుడల్లా నేనే గొప్పవాణ్ణయ్యాను.

బావ ఇప్పుడు గుడివాడలోనే స్థిరపడ్డాడు. పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పిల్లలు కొత్త ఉరుముల వీరుడు చూస్తున్నారు. ఈమధ్య వచ్చినవాటిలో ఒకదాంట్లో మిణుగురుని ఆడపిల్లని చేశారు (బాగుంది, వాదించదు, ముందు తనే గుద్దేస్తుంది). ఇప్పుడు చూస్తున్నదాంట్లో మిణుగురు నెరిసిన మీసాలతో, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. "వీళ్ళందర్లో అసలు మిణుగురు ఎవరు బాబాయ్?" అని అడిగింది బావ కూతురు. (మావయ్యా అనమంటే అనదు. బాబాయే దానికి అలవాటు.) ఆ ఊపులో నేను ఇరవయ్యేడేళ్ళుగా దాచిన సంగతి కక్కేశాను. గంప సంగతి, నాన్న మీద చెప్పిన అబద్ధం, అన్నీ. పిల్లలు పడీ పడీ నవ్వారు. బావ నవ్వలేదు.

"నాకు తెలుసురా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ పొద్దున్న నువ్వు స్నానానికెళ్ళాక కాగు దగ్గరికొచ్చా. గంప కింద చొక్కా కనపడింది. కాగు మరుగుతానే ఉంది."

"మరి వేసెయ్యకపోయావా?"

బావ రిమోటు తీసి టీవీ గొంతు తగ్గించాడు. "తీసి చేత్తో పట్టుకున్నాను కూడా. మళ్ళీ అక్కడే పెట్టేశా. ఏం, బాధ నీకొక్కడికేనా ఉంది? నాకు మాత్రం వెళ్ళాలని ఉందా?"

"హాస్టల్లో మొదటి వారం పక్కవాడి దుప్పట్లో దూరి ఏడ్చాన్రా, నీకు చెప్పలేదు గానీ" అని బావ, వాళ్ళావిడ కాఫీ తెస్తే అందుకుని, పంచదార తక్కువైందని గొణుక్కుంటూ తాగేశాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఒంటరిగా పోరాడానని విర్రవీగిన ఆ వెర్రివెధవ మీద నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నాను, ఎదుటి సీటులో పెద్దావిడ వంగి, "ఏం నాయనా, ఒంట్లో బాగోలేదా? ఎందుకలా ఏడుస్తున్నావు?" అని అడిగేదాకా.