పరిగెలు ఎక్కే చోటు

బెంగాలీల నడుమ మా తెలుగు రైల్వే కుటుంబాలుండే ఝపటాపూర్‌లో మా పక్కింటి బాబాయి పోయి నెల కావస్తోంది. పొద్దున్న టీ తాగి గోడకు చేరబడినాయన మళ్ళీ లేవలేదు. కబురు చెప్పడానికి పిన్ని ముందు నన్నే పిలిచింది. ఆయన గురించి రాయాల్సిందీ నేనే, రాయడానికి సిగ్గుపడాల్సిందీ నేనే.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాక ఆయన కెమెరా కొన్నారు. పెళ్ళిళ్ళకు పిలిస్తే తీసుకెళ్ళేవారు కాదు. తొలకరికి చెరువుల్లోని పరిగె చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురు నీటిలో పొలాల్లోకి ఎక్కుతాయి. వాటి కోసం కొంగలు కాచుకుంటాయి. పరిగె గడ్డిలో గుడ్లు జార్చడం, వెనకే కొంగ, రెండూ ఒకే ఫొటోలో పడాలని ఆయన కోరిక. కెమెరాకు పాలిథిన్ సంచి తొడిగి, తాను తడుస్తూ, తిరగేసిన పెయింటు డబ్బా మీద గంటలు కూర్చునేవారు.

"గొడుగేసుకోండి బాబాయ్" అంటే, "గొడుగు సూస్తే కొంగ ఎల్లిపోద్దమ్మా. నాకు జలుబు సేస్తే మీ పిన్ని తిడతాది, అది అలవాటే" అనేవారు.

వానల్లో గుడ్ల చేప ముట్టేవారు కాదు. "ముందు గుడ్లు పెట్టనీ. తరవాత కొంగా తింటాది, నానూ తింటాను."

ఆయన ఫొటోలకు పుస్తకం రాసేదాన్ని నేను. తేదీ, ఎన్నో వాన, నీటి లోతు, ఏ చేప, ఏ పిట్ట, ఏ చోటు. ఒక్క గడి ఖాళీ వదిలేదాన్ని కాదు. నన్ను ఆయన అడిగింది ఒక్కటే: "సోటు మాత్రం ఎవులికీ సెప్పకమ్మా."

నాలుగేళ్ళ కిందట తొలి వాన పడిన సాయంత్రం మా ఇద్దరికీ పరిగెలు కనిపించాయి. వెలుతురు చాలక ఫొటో రాలేదు, ఎల్లుండికి ఎండ కాస్తుందని ఆగారు. మర్నాడు పూరీ గేట్ దగ్గర చేపలమ్మే తెలుగు దీదీని గుడ్ల పరిగెలు వచ్చాయా అని అడిగాను.

"ఇంకా పది రోజులు పడతాది. నువ్వేటి, సేపల్ని అడిగొచ్చినావా?" అని నవ్వింది.

తప్పు లెక్క చెవిన పడితే ఊరుకోలేను. "పది రోజులేటి దీదీ, నిన్ననే ఎక్కినాయి. రైలు కట్ట అవతల తూము కాడ, చీలమండ లోతులో. నేనే రాసినాను" అన్నాను. మాటలో గెలిచానన్న సంతోషంతో ఇంటికొచ్చాను. ఏం చేశానో అప్పటికీ తట్టలేదు.

మర్నాడు ఆయనతో వెళ్ళాను. తూముకు అడ్డంగా వెదురు తడికలు, వాటి వెనక చేపల బుట్టలు. తూము దాటి పొలంలో ఒక్క పరిగె లేదు. కొంగలు ఊరికే నిలబడి ఉన్నాయి. ఆయన కూర్చోలేదు.

"మన ఎనకాల ఎవులో వచ్చినారమ్మా. నానే జాగర్త పడలేదు" అన్నారు.

తప్పు తన మీద వేసుకుంటుంటే వింటూ నిలబడ్డాను. నేనే అని చెప్పడానికి దారి పొడుగునా సమయం ఉంది. ఇల్లు వచ్చేసింది.

మరుసటి ఏడు కొత్త చోటు వెతికి నాకొక్కదానికే చెప్పారు. అక్కడ నీళ్ళు బురద, కోరుకున్న ఫొటో పడలేదు. పుస్తకంలో చోటు గడి ఖాళీగా వదిలాను.

"ఇది రాయలేదేటి?"

"ఎవరైనా చూస్తారేమోనని."

"తెలివైందానివి" అని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు మూడు వానాకాలాలు మోశాను.

పెద్దకర్మ అయిన మర్నాడు పిన్నికి అంతా చెప్పాను. ఆవిడ వంకాయలు తరుగుతూ విన్నది.

"ఆయనకి సెప్పాల్సింది నాకు సెప్తే ఏటి లాభమే" అంది. గొంతులో కోపం లేదు.

ఈ తొలకరికి ఒక్కదాన్నే ఆ బురద చోటికి వెళ్ళాను. సైకిలుకు వల కట్టుకుని పోతున్న ఒకాయన ఆగి, చేపలేమైనా ఉన్నాయా దీదీ అని బెంగాలీలో అడిగాడు.

లేవు దాదా, వాన చూస్తున్నానన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట, అదే నోట్లోంచి. అతను వెళ్ళిపోయాడు.

బురదలో చేపలు కనిపించవు. మునిగిన గడ్డి మాత్రం ఒక్కోచోట విడిపోతూ, మళ్ళీ కలుస్తూ, పొలం వైపు కదిలిపోతోంది. దాని వెనకే, తొందర లేకుండా, ఒక కొంగ నడుస్తోంది.